అయిదో మాల

ప్రొద్దుటూరు బట్టల వ్యాపారుల సంఘం నాకు శాలువా కప్పిన రోజే నా ప్యాంటు జారిపోయింది. శాలువా కప్పించుకున్నవాడు రెండు చేతులూ జోడించి సభకు దండం పెట్టాలి కదా. అప్పటిదాకా ఎడమ చేత్తో నడుము దగ్గర బిగించి పట్టుకున్న ప్యాంటును ఆ మర్యాద కోసం వదిలాను. అది మాత్రం మర్యాద పాటించలేదు, మోకాళ్ల దాకా పోయి ఆగింది. సంఘం కార్యదర్శి సమయానికి అదే శాలువాను నా నడుముకు చుట్టాడు కాబట్టి పరువు సగం మిగిలింది. మిగతా సగం ఎవరి ఫోన్లోనో వీడియోగా ఉంది.

నా పేరు నాగేశ్వరయ్య, వయసు యాభై ఒకటి. ప్యాంటు, షర్టు గుడ్డల దుకాణం నాది. మా దుకాణం వసారాలో ఇరవై రెండేళ్లుగా మిషను వేసుకుని కూర్చున్న దర్జీ సర్దార్. గుడ్డ నాది, కుట్టు అతనిది. నా దగ్గర ముక్క కొన్నవాడు పది అడుగులు వేసి సర్దార్ ముందు చేతులు చాపి నిలబడతాడు. ఇన్నేళ్లలో మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు. శాలువా కప్పిన మర్నాడు మాత్రం నేను ఆ ప్యాంటు తీసుకుపోయి అతని మిషను మీద పడేశాను.

సర్దార్ కొలతల పుస్తకం తీశాడు. నా నడుము ముప్పై ఎనిమిది అని రాసి ఉంది. మెడలోని టేపు తీసి నా నడుముకు చుట్టాడు. ముప్పై ఐదు వచ్చింది. మళ్లీ చుట్టాడు, మళ్లీ ముప్పై ఐదే.

"నీ టేపు సాగింది సర్దారూ," అన్నాను. సాగిన టేపుతో నడుము కొలిస్తే తక్కువ చూపిస్తుంది. అదే టేపుతో గుడ్డ కత్తిరిస్తే ప్యాంటు వదులవుతుంది. నాకు అంతా తేటతెల్లంగా ఉంది.

దర్జీని ఏమైనా అనవచ్చు గానీ అతని టేపును అనకూడదు. సర్దార్ మొహం ఎర్రబడింది.

"నా టేపు సాగల్యా శెట్టీ. సాగింది నీ గుడ్డ. ఇప్పుడొచ్చే గుడ్డల్లో రబ్బరు కలుపుతాండారు. ఇదో, నా ప్యాంటు చూడు," అని షర్టు ఎత్తి చూపించాడు. అతని ప్యాంటు కూడా నడుము దగ్గర కుచ్చిళ్లు పడి, పురికొసతో కట్టి ఉంది. "ఇది నీ దుకాణం గుడ్డే. ఐదారు నెల్లుగా తాడు కట్టుకొని తిరుగుతాండా. నీ మొహం చూసి అడగల్యా."

"అంటే నేను సాగే గుడ్డ అమ్ముతాండానా?"

"అంటే నేను సాగిన టేపు మెడకేసుకొని కూచ్చున్నానా?"

నడుములే తగ్గాయేమోనన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. నేను గుడ్డ మనిషిని, అతను టేపు మనిషి. మా కంటికి ఆనేవి ఆ రెండే. సాయంత్రానికల్లా సర్దార్ మిషను ఎత్తుకుపోయి వీధి అవతల మందుల షాపు వసారాలో పెట్టుకున్నాడు.

నిజానికి ఆ రోజు నా కోపం ప్యాంటు మీద కాదు. ఏడాదిగా నన్ను లోపల తినేస్తున్న సంగతి వేరే ఉంది.

కిందటి దసరా దాటాక, ఇరవై ఆరేళ్ల కాపురంలో ఎన్నడూ మొరాయించని నా మగతనం చెప్పాపెట్టకుండా బోర్డు తిప్పేసింది. మొదటిసారి అలసట అనుకున్నాను. రెండోసారి దుకాణం చింత అనుకున్నాను. మూడోసారి మా ఆవిడ సావిత్రమ్మ, "పోనీలేయ్యా, పండుకో," అని నా భుజం తట్టింది. మంచికే తట్టింది. నాకు మాత్రం చెంపదెబ్బ తిన్నట్టయింది. నాలుగోసారి అనేది రాకుండా చూసుకోవాలని ఆ క్షణమే తీర్మానించుకున్నాను.

అంతలో కార్తీకం వచ్చింది. వీధిలో పదిమంది అయ్యప్ప మాల వేసుకుంటున్నారు. మాల వేసుకున్నవాడు నలభై ఒక్క రోజులు నేల మీద చాప వేసుకుని ఒంటరిగా పడుకోవాలి. కట్టుకున్న భార్య కూడా అతన్ని స్వామీ అనే పిలవాలి. ఈ ఏర్పాటంతా దేవుడు నా కోసమే చేసినట్టు తోచింది. వెళ్లి వేసుకున్నాను.

శబరిమల నుంచి వచ్చి మాల తీశాక మళ్లీ అదే భయం మొదలైంది. సరుకు తేవాలని సూరత్ పోయాను. తిరిగి వచ్చేసరికి శివ మాల వేసేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. శివరాత్రికి శ్రీశైలంలో అది తీసి, కొన్నాళ్లు నడుం నొప్పి అని మూలిగి, హనుమాన్ మాల వేసుకున్నాను. ఎండాకాలం చివర్లో గోవింద మాల. మొత్తం నాలుగు మాలలు, నూట అరవై నాలుగు రోజులు.

నలుపు, కాషాయం, పసుపు బట్టలన్నీ నా దుకాణంలోవే కాబట్టి అది వ్యాపార ప్రచారమని కొందరు కుళ్లుకున్నారు. ఎక్కువమంది నన్ను చూస్తే చేతులు జోడించారు. నేను చిక్కిపోతుంటే మొహంలో తేజస్సు వచ్చిందన్నారు. చెంబుల కొద్దీ నీళ్లు తాగుతుంటే అదేదో నియమం అనుకున్నారు. భజనలో అరగంటకోసారి లేచి బయటికి పరుగెత్తుతుంటే, నామం వింటే ఒళ్లు నిలవడం లేదు, ఎంత భక్తో అన్నారు. వ్యాపారుల సంఘం శాలువా కప్పింది ఆ భక్తికే. ఒంటిపూట భోజనమని పేరే గానీ ఆ ఒక్క పూటలో అన్నం గిన్నె ఖాళీ చేసేవాణ్ని. సాయంత్రం ఫలహారానికి డజను అరటిపళ్లు, బెల్లం పొంగలి. ఎంత తిన్నా నీరసమే. నడుము కింద ఒకటే దురద, మంట. అది చాప వల్ల అనుకుని చాప మార్చాను.

సావిత్రమ్మ మొదటి మాలకు సంతోషించింది. రెండో మాలకు సర్దుకుంది. మూడో మాలకు ఏమీ అనలేదు. నాలుగో మాల వేసుకుని ఇంటికి వచ్చినప్పుడు చాప, దిండు తనే తెచ్చి పూజగదిలో వేసి, "ఈడనే పండుకోండి స్వామీ," అని వెళ్లిపోయింది. పెళ్లయినప్పటి నుంచి నన్ను ఏమయ్యా అనీ నువ్వనీ పిలిచిన మనిషి. ఇప్పుడు మాల తీసేసినా స్వామీ అనడం, మీరు అనడం మానలేదు. ఎందుకని అడిగితే, "ఎప్పుడేస్తారో ఎప్పుడు తీస్తారో నాకేం తెలుసు, అలవాటైపాయె," అంది. ఆ మాటకు నాకు తిండి సహించలేదు. అయినా డజను అరటిపళ్లూ తిన్నాను.

దసరాకు భవాని మాల వేస్తారు. అది అయిదోది. ఆ తర్వాత ఎలాగూ మళ్లీ కార్తీకమే. ఈ బతుకు ఇలా గుండ్రంగా తిరుగుతూ పోవడమేనా అని దిగులు పట్టుకుంది. అప్పుడే బస్టాండు వెనక గోడ మీద ఒక ప్రకటన కంటపడింది. మగవారి రహస్య సమస్యలకు మందిచ్చే వైద్యుడొకాయన నెలలో మొదటి ఆదివారం ప్రొద్దుటూరు లాడ్జిలో, రెండో ఆదివారం జమ్మలమడుగులో, మూడో ఆదివారం పులివెందులలో దిగుతాడట. ప్రొద్దుటూరు లాడ్జి యజమాని నా ఖాతాదారు. జమ్మలమడుగులో మా ఆవిడ చుట్టాలు. మూడో ఆదివారం తెల్లారే బస్సెక్కి పులివెందులకు పోయాను, తలకు టోపీ, మొహానికి తువ్వాలు చుట్టుకుని.

లాడ్జి మేడ మీద నడవాలో వరసగా కుర్చీలు, ప్రతి కుర్చీలో ఒక మగమనిషి, ప్రతి మొహానికీ ఒక దినపత్రిక అడ్డం. అంత శ్రద్ధగా పేపరు చదివే జనాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. మెట్ల దగ్గర కూర్చున్నతనితో పేరూ ఊరూ బాధా చీటీలో రాయించి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. పక్క కుర్చీలో ఆయన పేపరును ముక్కుకు ఆనించుకుని ఉన్నాడు గానీ, మెడలో టేపు వేలాడుతోంది.

"సర్దారూ," అన్నాను మెల్లగా.

పేపరు కిందికి దిగింది. "శెట్టీ, నువ్వేంది ఈడ?"

"ఒకాయనకు గుడ్డలు చూపిచ్చల్ల. నువ్వు?"

"ఒకాయనకు కొలతలు తీసుకోవల్ల."

నా చేతిలో గుడ్డ లేదు, అతని చేతిలో పుస్తకం లేదు. ఇంకా ఏమేం చెప్పుకునేవాళ్లమో గానీ, గది తలుపు తెరుచుకుని ఒకతను చీటీ చూస్తూ గొంతెత్తాడు. "ప్రొద్దుటూరు సర్దార్. తొమ్మిది నెలల బలహీనత. ఆ తర్వాత ప్రొద్దుటూరు నాగేశ్వరయ్య. ఏడాది బలహీనత."

ఇక దాచడానికేముంది. ఇద్దరం కలిసే లోపలికి పోయాం. వైద్యుడు రక్తం చూడలేదు, బరువు చూడలేదు. చేయి పట్టుకుని కళ్లు మూసుకుని, "చిన్నతనంలో ఏమైనా పొరపాట్లు చేశారా?" అని అడిగాడు. నాకు తొమ్మిదో తరగతి లెక్కల పరీక్ష తప్ప ఏమీ గుర్తు రాలేదు. చెరొక డబ్బా లేహ్యం ఇచ్చాడు. తేనె, ఖర్జూరం, పటికబెల్లం, నెయ్యి. పూటకు మూడు చెంచాలు, పైన చక్కెర వేసిన పాలు.

బస్టాండులో కూర్చుని అక్కడికక్కడే తలా మూడు చెంచాలు తిన్నాం. సర్దార్ మనసు విప్పాడు. "మీకు మాలలన్నా ఉండాయి శెట్టీ. నన్ను చూడు. రంజాను ఉపవాసాలు నెలదినాలే, అవీ పగలు మాత్రమే. రాత్రి కాజాలు కుట్టల్ల, అర్జెంటు ఆర్డరని మిషను ముందు కూచ్చుంటాండా. తొమ్మిది నెల్లుగా మా ఇంట్లో అంతా అర్జెంటే." నాకు నవ్వొచ్చింది. అతని మీద కోపం పోయింది.

పదకొండు గంటల బస్సెక్కాం. వేముల రాకముందే నా పొత్తికడుపు నిండిపోయింది. లేచి కండక్టరు దగ్గరికి పోయి, "ముందర ఆంజనేయస్వామి గుడి ఉండాది, దండం పెట్టుకోవల్ల, ఒక నిమిషం ఆపప్పా," అన్నాను. ఆపాడు. కంపచెట్ల చాటున దండం పెట్టుకుని వచ్చాను. నేను ఎక్కుతుంటే సర్దార్ దిగుతున్నాడు.

"నీదేంది?" అన్నాడు కండక్టరు.

"నమాజు టైమైంది."

కండక్టరు పేరు కరీముల్లా అని చొక్కా మీద ఉంది. "నేనూ ముసల్మానునే అప్పా. పదకొండున్నరకు ఏం నమాజు అది?" అన్నాడు. సర్దార్ అప్పటికే దూకి పరుగెత్తాడు.

వేముల దాటాక నాకు మళ్లీ గుడి వచ్చింది. ఈసారి కరీముల్లా బస్సు ఆపించి, నేను తిరిగి ఎక్కాక నా పక్కనే కూర్చున్నాడు. "ఈ రోడ్డులో పన్నెండేండ్లుగా తిరుగుతాండా. నాకు తెలీని గుడి లేదు. నీ బెల్టుకు కొత్తగా ఎన్ని బొక్కలు పొడిచినావు?"

"మూడు," అన్నాను. శాలువా సభ తర్వాత పొడిచినవే.

"ఆయనకు తాడు. ఇద్దరూ ఎప్పుడన్నా షుగరుకు రక్తం చూపిచ్చుకుంటిరా?"

"షుగరు లావుగా ఉండేవాళ్లకు గదా వొచ్చేది," అన్నాడు సర్దార్.

కరీముల్లా టికెట్ల సంచిలోంచి మాత్రల అట్ట తీసి చూపించాడు. "నాకు ఎనిమిదేండ్లుగా ఉండాది. నేనేమన్నా లావుగా ఉండానా? బస్సు ఆపమనే మగోళ్లను చూస్తే నాకు అర్థమైపోతాది. కొందరు ఫోను వొచ్చిందంటారు, కొందరు వాంతి అంటారు. గుడి, నమాజు అనింది మాత్రం మీరే." మా ఒళ్లోని డబ్బా మూత తీసి వాసన చూశాడు. "తేనె, పటికబెల్లం. శానా బాగుండాది. మంట మింద కిరసనాయిలు పోసుకుంటాండారు." మూత పెట్టి, తర్వాతి స్టేజీకి టికెట్లు కొట్టడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు దుకాణం తెరవగానే సర్దార్ వీధి దాటి వచ్చాడు. మెడలోని టేపు తీసి నా బల్ల మీద పరిచాడు. నేను ప్రభుత్వం ముద్ర వేసిన ఉక్కు మీటరు కడ్డీ తీసి దాని పక్కన పెట్టాను. చివర నుంచి చివరకు సరిగ్గా కలిసింది, నూలుపోగంత తేడా లేదు. ఆ తర్వాత నా ప్యాంటు నడుము కొలిచాం. పుస్తకంలో ఉన్నట్టే ముప్పై ఎనిమిది. టేపూ సాగలేదు, గుడ్డా సాగలేదు.

"అయితే తగ్గింది మనమేనా శెట్టీ," అన్నాడు సర్దార్. అతని గొంతు అంత చిన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

రక్తం మందుల షాపులోనే చూపించుకోవచ్చు, అతని మిషను ఉన్నది ఆ వసారాలోనే. కానీ పది నిమిషాల్లో వీధంతా తెలుస్తుంది. చుట్టాలున్నా సరేనని జమ్మలమడుగు పోయాం. అక్కడి ఆసుపత్రి బోర్డు మీద డాక్టర్ మసరత్ అని పేరు, కింద పెద్ద చదువు. పేరు చూసి మగమనిషనుకున్నది నేను, ఆడమనిషని తెలిసి కూడా చెప్పనిది సర్దార్. లోపల ముప్పై ఏళ్ల అమ్మాయి కూర్చుని ఉంది. వెనక్కి తిరుగుదామంటే అప్పటికే వేలు పొడిచి రక్తం తీశారు. సర్దారుకు మూడు వందల నలభై, నాకు మూడు వందల ఎనభై ఆరు. భక్తిలోలాగే ఇందులోనూ నాదే పైచేయి.

ఆమె ముందు మా కాళ్లు చూసింది. సర్దార్ అరికాల్లో గుండుసూది ఒకటి సగం దిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో అతనికి తెలియదు. ఆమె దాన్ని లాగి పళ్లెంలో వేస్తే అతను ఆ సూదినే చూస్తూ ఉండిపోయాడు. పాదాలతో మిషను తొక్కి బతికే మనిషి.

"నరాలకు స్పర్శ తగ్గితే ఇట్లనే ఉంటాది," అంది ఆమె. "సంసారంలో ఏమన్నా ఇబ్బంది ఉండాదా పెద్దాయనా?"

పెద్దాయనా అన్నది నన్నే. నేను పైన ఫ్యాను వైపు చూశాను. సర్దార్ కిటికీ పరదా కుట్టును పరీక్షించడం మొదలుపెట్టాడు. ఆమె ఆగింది. ఆ అమ్మాయికి తొందరేమీ ఉన్నట్టు లేదు.

"ఎన్నాళ్లుగా?" అంది చివరికి.

"నాలుగు మాలలుగా," అనేశాను.

ఆమె కలం కింద పెట్టింది. మాలల సంగతంతా చెప్పించుకుంది, అర్జెంటు ఆర్డర్ల సంగతీ చెప్పించుకుంది. నవ్వితే బాగుండేది, నవ్వలేదు. "చూడండప్పా. షుగరు రక్తనాళాలనూ నరాలనూ దెబ్బ తీస్తాది. ఆ చోట నాళాలు సన్నంగా ఉంటాయి గాబట్టి ముందు ఆడనే తెలుస్తాది. గుండె సంగతి కూడా చూసుకోమని ఒళ్లు ముందుగానే చెప్తాండాది. ఆ దురద, మంట గూడా దీనివల్లనే. శానామంది మగోళ్లకు వొచ్చేదే. మీ మగతనం యాడికీ పోల్యా. షుగరు దారికొస్తే కొందరికి అదీ బాగవుతాది. కాకుంటే దానికీ మందులుండాయి, గుండె పరీక్ష అయినాక నేనే రాస్తా. మీ అంతట మీరు యాడా కొనొద్దండి. ఆ డబ్బాలు ఈడ పెట్టిపోండి."

డబ్బాలు బల్ల మీద పెట్టాం.

"ఇంకోటి. నెల తర్వాత వొచ్చేటప్పుడు మీ ఆడోళ్లను తీసుకొని రావల్ల. వండిపెట్టేది వాళ్లు, లోపల నలిగేది వాళ్లు. వాళ్లకు చెప్పకుండా దాస్తే నా మందు సగమే పని చేస్తాది."

మాత్రలు మింగడం నాకు కష్టం కాలేదు. ఆ చివరి మాటే గొంతులో అడ్డం పడింది. సర్దార్ అదే రోజు ఇంటికి పోయి భార్య ఖాజాబీకి అంతా చెప్పేశాడు. ఆమె తల బాదుకుని, ఆ మర్నాటి నుంచి తెల్లారుజామునే అతన్ని లేపి మైదానం చుట్టూ నడిపిస్తోందట.

"నా సంగతి గూడా చెప్తివా?" అని అడిగాను.

"లేదప్పా. నీది నువ్వే చెప్పుకో. కానీ ఎన్నాళ్లు దాస్తావు? ఖాజాబీ దారాలు కొనేదానికి నీ ఇంటి ముందరనే పోవల్ల."

ఇరవై రోజులు గడిచాయి. మాత్రలు గల్లా పెట్టెలో దాచి వేసుకుంటున్నాను. సావిత్రమ్మకు చెప్పాలని రోజూ ఇంటికి పోతాను. ఆమె, "భోంచేయండి స్వామీ," అనగానే కంచం ముందు కూర్చుని, తినేసి లేస్తాను. ఇంతలో భవాని మాలల రోజులు రానే వచ్చాయి. ఇంకో నలభై ఒక్క రోజులు దొరికితే, ఆలోగా షుగరు దారికొస్తే, ఇంక చెప్పే పనే ఉండదు కదా అని పిరికి ఆలోచన పుట్టింది. గురుస్వామి దగ్గరికి పోయాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏడాదిలో ఇది అయిదోది గదా నాయనా. ఇంట్లో అమ్మ ఒప్పుకుంటేనే వేస్తా. పోయి అడిగిరా," అన్నాడు.

సావిత్రమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. గోడకానుకుని నిలబడి చెప్పాను. "భవాని మాల వేసుకుందామనుకుంటాండా. గురుస్వామి నిన్ను అడిగిరమ్మన్నాడు."

"వేసుకోండి స్వామీ," అంది తల ఎత్తకుండా. "ఎర్రగుడ్డ పోయిన వారమే దుకాణంలో నుంచి తెప్పిచ్చి ఉతికి పెట్టినా."

నేను అడగకముందే ఆమె సిద్ధపడిపోయింది. ఇంకో కాయ ఒలుస్తూ ఆమే అంది, "సర్దారుకు షుగరంట గదా. ఖాజాబీ చెప్పింది."

"ఊఁ."

"ఆ యమ్మ అదృష్టవంతురాలు."

"షుగరొస్తే అదృష్టమేంది?"

"మొగుడొచ్చి చెప్పినాడు గదా," అంది.

ఆమె చేతిలో కాయ విరిగిన చప్పుడు వినిపించింది. "నా మొగుడు నలుగురు దేవుళ్లకు చెప్పుకున్నాడు. నాకు చెప్పల్యా. నేనేం తప్పు చేసినానో ఆ నలుగురిలో ఒకరన్నా నాకు చెప్తే బాగుండు. లావైనాననా, వయసైందనా, నా మింద విసుగొచ్చి సన్నాసుల్లో కలుస్తాండారా. ఏడాదిగా అద్దంలో చూసుకునేది మానేసినా స్వామీ."

నాకు ఏడుపొచ్చింది. యాభై ఒక్క ఏళ్లు వచ్చి, భార్య దగ్గర పరువు కాపాడుకుంటున్నాననుకుని, ఆమె పరువు తీశాను. ఆమె పక్కనే గడప మీద కూలబడి జేబులోంచి జమ్మలమడుగు చీటీ తీసి ఒళ్లో పెట్టాను. భుజం తట్టిన రోజు నుంచి గుండుసూది దాకా ఏదీ దాచకుండా చెప్పాను. ఏడాది పాటు దాచిన సంగతి చెప్పడానికి గుప్పెడు కాయలు ఒలిచేంత సేపు కూడా పట్టలేదు.

ఆమె చీటీని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి రెండుసార్లు చదివింది.

"ఇదేనా?"

"ఇదే."

"దీనికా శబరిమల దాకా పోయినావు?"

నువ్వు అంది. నేను తల ఊపాను. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్లు నిండాయి. చాటలోని పొట్టు గుప్పెడు తీసి నా మొహాన కొట్టింది. "మూడు వందల ఎనభై ఆరు పెట్టుకొని నాతో పొంగళ్లు వండిచ్చుకుంటివి. డజను అరటిపండ్లు నా చేత్తో నేనే ఒలిచి పెడ్తిని. నీకేమన్నా అయింటే ఆ పాపం ఎవరిది?" అని తిడుతూనే కొంగుతో నా మొహం మీది పొట్టు తుడిచింది. చాలాసేపు తిట్టింది. ఆ తిట్లు ఆగకుండా ఉంటే బాగుండునని కూర్చున్నాను.

పూజగదిలోని చాప ఆ సాయంత్రమే అటక ఎక్కింది. సర్దార్ మిషను మళ్లీ మా వసారాలోకి వచ్చింది. వచ్చాక మొదట కుట్టింది సావిత్రమ్మ పంపిన ఎర్రగుడ్డతో రెండు దిండు గలీబులు. తర్వాత నా ప్యాంట్లన్నీ ముప్పై ఐదుకు దించాడు, పుస్తకంలో పాత అంకె కొట్టేసి కొత్తది రాశాడు. ఇంట్లో జొన్నరొట్టె, ఆకుకూర మొదలయ్యాయి. అంతా బాగైపోయిందని చెప్పను. దురద తగ్గింది, నీరసం తగ్గింది, మిగతా సంగతి ఇంకా చర్చల్లో ఉంది.

నెల తిరిగాక నలుగురం జమ్మలమడుగు బస్సెక్కాం. ఖాజాబీ, సావిత్రమ్మ ముందు సీట్లో, మేమిద్దరం వెనక. బస్సు నిండా ప్రొద్దుటూరు జనమే. శాలువా సభకు వచ్చినవాళ్లు ఇద్దరు మా పక్క వరసలోనే ఉన్నారు. ఊరు ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందనగా నాకు పొత్తికడుపు బిగిసింది. ఏ గుడి పేరు చెబుదామా అని కిటికీలోంచి చూస్తున్నాను. సావిత్రమ్మ వెనక్కి తిరిగి నా మొహం చూసింది. వెంటనే లేచి నిలబడింది.

"కండక్టరప్పా, బస్సు ఆపు. మా ఆయనకు షుగరు, దిగల్ల," అంది, బస్సు చివరి సీటు దాకా వినబడేట్టు.

నూట అరవై నాలుగు రోజులు మాలల చాటున దాచిన సంగతి ఒక్క ముక్కలో బస్సంతా తెలిసిపోయింది. బస్సు ఆగింది. నేను తల వంచుకుని మెట్లు దిగాను. నా వెనక సర్దార్ దిగాడు. అతని వెనక ఎవరూ అడగకుండానే శాలువా సభవాళ్లిద్దరూ దిగారు. కంపచెట్ల వైపు గబగబా నడుస్తుంటే కిటికీలోంచి సావిత్రమ్మ పిలిచింది.

"ఏమయ్యా, నిదానంగా పోయిరా. బస్సు యాడికీ పోదు, నేనుండా గదా."